తవ్విన చరిత్ర, చెప్పిన చరిత్ర: కువైట్‌లో పురావస్తు ప్రసంగాలు

కువైట్ నగర కేంద్రానికి దక్షిణంగా, నాలుగో, ఐదో వలయ రహదారుల నడుమ ఉన్న నివాస ప్రాంతం జాబ్రియా. ముబారక్ అల్-కబీర్ ఆసుపత్రి, కువైట్ విశ్వవిద్యాలయపు వైద్య విద్యాలయం ఉన్న చోటుగా ఆ పేరు చాలామందికి పరిచితం. అక్కడి నివాస గృహాల వరుసలో, ఒక ఇంటి నేలమాళిగలో తారిక్ రజబ్ మ్యూజియం ఉంది. 1980లో దాన్ని ప్రజలకోసం తెరిచారు. రాతప్రతులు, కుండలు, నగలు, వస్త్రాలు, సంగీతవాద్యాలు ఒక కుటుంబం దశాబ్దాలపాటు కూడబెట్టినవి. అవి అక్కడున్నాయని వీథిలో నడిచేవారికి చెప్పేవి చెక్కడపు తలుపులు మాత్రమే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆ నెలల్లో రజబ్ కుటుంబం మ్యూజియం ద్వారాన్ని ఇటుకలతో మూసివేసి, కిందికి దిగే మెట్లమీద చెత్తా రాళ్ళూ పోసింది. చూసినవారికి అది వాడకంలో లేని చోటులా కనిపించింది. సేకరణ దక్కింది. కువైట్ కోడలై, ఆక్రమణ కాలమంతా అక్కడే గడిపిన జెహాన్ రజబ్ ఆనాటి అనుభవాలను 1993లో పుస్తకంగా ప్రచురించారు.

అదే కాలంలో నగరం నడిబొడ్డున, సముద్రతీరాన ఉన్న కువైట్ జాతీయ మ్యూజియం కథ వేరుగా నడిచింది. ఫ్రెంచి వాస్తుశిల్పి మిషెల్ ఎకొషార్ రూపకల్పన చేసిన ఆ భవన సముదాయంలో ఒక భాగాన్ని 1983లో ‘దార్ అల్-అసార్ అల్-ఇస్లామియా’ అనే సంస్థకు కేటాయించారు. షేక్ నాసర్ సబా అల్-అహ్మద్ అల్-సబా, ఆయన భార్య షేఖా హుస్సా సబా అల్-సాలెమ్ సేకరించిన ఇస్లామిక కళాఖండాలు అందులో ఉండేవి. ఆక్రమణదారులు వాటిని పెట్టెల్లో సర్ది బాగ్దాద్‌కు తరలించారు. భవనాలకు నిప్పు పెట్టారు. తరలించడానికి వీలుకాక మిగిలిన పద్నాలుగో శతాబ్దపు ఫెజ్ నగరపు కొయ్య తలుపులు కాలిపోయాయి. యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంలో వస్తువుల్లో అధికభాగం తిరిగివచ్చాయి. కొన్ని రాలేదు. లెనిన్‌గ్రాడ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ప్రదర్శనకోసం అప్పటికే దేశం దాటి ఉండటంవల్ల నూరుకు పైబడిన వస్తువులు మాత్రం ఈ దోపిడీ నుంచి తప్పించుకున్నాయి.

వస్తువులు తిరిగివచ్చినా వాటిని పెట్టే ఇల్లు లేదు. ఆ స్థితిలో ఉన్న మ్యూజియం ఏం చేయగలదు? దార్ అల్-అసార్ ఎంచుకున్న దారి ప్రసంగం. ఈ వ్యాసానికి విషయం ఆ ఎంపికే.

గోడ కూల్చిన ఊరు

కువైట్‌లో చరిత్ర ప్రసంగాలకు ఎందుకంత అవసరం ఏర్పడిందో తెలియాలంటే, ఆ ఊరు ఎంత వేగంగా మారిందో చూడాలి. 1920లో, దాడి భయంతో, ఊరివారు కొద్ది నెలల్లోనే నగరం చుట్టూ మట్టిగోడ కట్టుకున్నారు. ముత్యాల వేట, సుదూర సముద్ర వ్యాపారం, పడవల నిర్మాణం వారి జీవనాధారాలు. 1946లో చమురు ఎగుమతి మొదలైంది. 1950ల ఆరంభంలో ఇంగ్లండు నుంచి వచ్చిన నగర ప్రణాళికాకర్తలు వలయ రహదారులతో కొత్త నగరాన్ని గీశారు. 1957లో ఆ గోడను కూల్చివేశారు. ద్వారాలు మాత్రం గుర్తుగా మిగిలాయి. లోపలి మట్టి ఇళ్ళలో అత్యధిక భాగాన్ని ప్రభుత్వం కొని పడగొట్టించింది. జాబ్రియా వంటి ప్రాంతాలు ఈ కొత్త గీతలమీద లేచినవే.

గోడ కట్టిన తరం బతికుండగానే గోడ కూలింది. తాత చూసిన ఊరు మనవడికి బొమ్మల్లో తప్ప కనిపించదు. సాధారణంగా స్థానిక చరిత్రను ఊరే నేర్పుతుంది. పాత గుడి, పాత చెరువుగట్టు, ఇంటిపేరు, వీథిపేరు పెద్దల మాటల్లో కలిసి పిల్లలకు చేరతాయి. ఊరి రూపమే పోయినచోట ఆ పని ఎవరో పనిగట్టుకొని చేయాలి. పాఠశాల పిల్లలకు చెబుతుంది. పెద్దలకు ఎవరు చెబుతారు? పైగా కువైట్ జనాభాలో మూడింట రెండు వంతులు బయటినుంచి వచ్చినవారు. వారిలో అత్యధికులు ఆ దేశపు బడిలో చదవనివారు.

ఫైలకా: స్థానికులు లేని స్థానిక చరిత్ర

కువైట్ తీరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫైలకా ద్వీపంలో 1937లో ఒక గ్రీకు శాసనం బయటపడింది. ఏథెన్స్ వాడైన సొతెలెస్, అతని సైనికులు, తమ దేవతలకు చేసిన సమర్పణ అది. రెండు దశాబ్దాల తర్వాత, 1958లో, పి. వి. గ్లోబ్, జెఫ్రీ బిబీల నాయకత్వంలో డేనిష్ బృందం అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. 1963 దాకా సాగిన ఆ పనిలో అలెగ్జాండరు తరువాతి కాలపు కోట, దాని లోపలి గుడి, మరో పెద్ద గ్రీకు శాసనం బయల్పడ్డాయి. గ్రీకులు ఇకారోస్ అని పిలిచిన ద్వీపం ఇదేనని ఆ శాసనం తేల్చింది. అంతకన్నా పాతపొరల్లో, సుమారు నాలుగువేల ఏళ్ళనాటి దిల్మున్ నాగరికతకు చెందిన గుండ్రని రాతి ముద్రలు వందల సంఖ్యలో దొరికాయి. సింధు లిపి గుర్తులున్న ముద్రలూ ఫైలకాలో కనిపించాయి. అటువైపు గుజరాత్‌లోని లోథల్‌లో ఎస్. ఆర్. రావు తవ్వకాల్లో గల్ఫ్ పద్ధతి ముద్ర ఒకటి దొరికింది. మన తీరానికీ ఆ తీరానికీ రాకపోకలు చమురుతో మొదలైనవి కావనడానికి ఇవి చేతికందే సాక్ష్యాలు.

ఉత్తరాన సుబియా ప్రాంతంలో మరింత పాత సంగతి తేలింది. 1990ల చివరినుంచి బ్రిటిష్ బృందం అక్కడ తవ్విన ఉబైద్ కాలపు నివాసస్థలంలో తారు పలకలు దొరికాయి. వాటికి ఒక వైపు రెల్లు కట్టల ముద్రలు, రెండోవైపు సముద్రపు పీతజాతి జీవుల గుల్లలు అంటుకొని ఉన్నాయి. రెల్లుతో కట్టి తారు పూసిన పడవ సముద్రంలో తిరిగినట్టు ఆ రెండు వైపులూ కలిసి చెబుతాయి. సుమారు ఏడువేల ఏళ్ళ కిందటి ఈ ముక్కలు సముద్రయానం చేసిన పడవలకు ప్రపంచంలో దొరికిన అతిపురాతన అవశేషాల్లో చేరతాయి.

ఇలాంటి తారు పలకను అద్దాల పెట్టెలో పెడితే చూసేవారికి నల్లని పెంకులా కనిపిస్తుంది. ఏ వైపు ఏముందో, రెండు వైపులూ కలిస్తే ఏం తేలుతుందో ఒకరు పక్కన నిలబడి చెబితేనే అది పడవ అవుతుంది. పురావస్తు విషయాలపై పెద్దలకు చేసే ప్రసంగాల ప్రయోజనం ఇక్కడుంది. ప్రసంగం ఫలితాన్ని చెప్పి ఊరుకోదు. ఆ ఫలితానికి ఎలా చేరారో విప్పి చూపుతుంది. అది విన్నవాడు మరో మట్టిపెంకును చూసినప్పుడు సరైన ప్రశ్న వేయగలుగుతాడు.

ఫైలకాకు ఇంకో విషాదం కూడా ఉంది. 1990 ఆక్రమణలో అక్కడి నివాసులను ఖాళీ చేయించారు. సైన్యం ద్వీపాన్ని స్థావరంగా వాడుకొంది, మందుపాతరలు పాతింది. విముక్తి తర్వాత మందుపాతరలు తీసేసినా నివాసులు వెనక్కి చేరి మునుపటిలా ఊరు కట్టుకోలేదు. శతాబ్దాలుగా మనుషులు బతికిన చోట ఇప్పుడు తవ్వకాల బృందాలు, విహారానికి వచ్చేవారు తిరుగుతున్నారు. ఆ ద్వీపపు చరిత్రను తమదిగా చెప్పుకోవలసిన పెద్దలు ప్రధాన భూభాగంలోని వలయ రహదారుల మధ్య చెదిరిపోయారు. జెహాన్ రజబ్ ఫైలకాపై రాసిన పుస్తకం 1999లో రావడం ఈ నేపథ్యంలో గమనించదగ్గది. స్థలంతో తెగిపోయిన అనుబంధం మాటలోనైనా మిగలాలి.

ఇంటి ముచ్చట

తారిక్ సయ్యద్ రజబ్ కువైట్ పురావస్తు, మ్యూజియంల శాఖకు తొలి అధిపతి. డేనిష్ తవ్వకాల కాలంలో ఆయన ఆ పనిని దగ్గరినుంచి చూసినవాడు. 1960ల చివర ప్రభుత్వ ఉద్యోగం విడిచి, భార్యతో కలిసి 1969లో జాబ్రియాలోని న్యూ ఇంగ్లిష్ స్కూల్‌ను స్థాపించారు. బడీ మ్యూజియమూ ఒకే కుటుంబం చేతిలో, ఒకే పేటలో పెరిగాయి. చెప్పడం, చూపించడం రెండు వేరు పనులు కావన్న దృష్టి ఆ పక్కపక్కనే ఉండటంలో కనిపిస్తుంది. 2007లో అదే జాబ్రియాలో ఇస్లామిక లిపికళకు విడిగా రెండో మ్యూజియం తెరిచారు.

దార్ అల్-అసార్ చేసింది ఇంతకన్నా పెద్ద ఎత్తున జరిగిన పని. భవనం కాలిపోయిన తర్వాత, 1990లలో, ఏటా ‘సాంస్కృతిక రుతువు’ పేరిట వరుస ప్రసంగాలు ప్రారంభించింది. ఎండాకాలపు తీవ్రత తగ్గాక మొదలై వసంతంతో ముగిసే ఈ వరుసలో సోమవారం సాయంత్రాలు ప్రసంగాలకు కేటాయించారు. కొంతకాలం మైదాన్ హవల్లీలో, ఆపైన యర్మూక్ సాంస్కృతిక కేంద్రంలో ఇవి జరిగాయి. రెండూ జాబ్రియాకు దూరమైనవి కావు. ప్రవేశ రుసుము లేదు. ప్రపంచ విశ్వవిద్యాలయాల నుంచి చరిత్రకారులు, తవ్వకాల నాయకులు, నాణేల నిపుణులు, వాస్తుశిల్ప పరిశోధకులు వచ్చి సామాన్య శ్రోతలకు తమ పని చెప్పారు. గల్ఫ్ ప్రాంతంలో తవ్వకాలు సాగేది కూడా చలి నెలల్లోనే కాబట్టి నేల తవ్వే రోజులూ సభ జరిగే రోజులూ ఒకటయ్యాయి. 1914 ప్రాంతంలో అమెరికన్ మిషనరీలు కట్టి, 1967లో మూతపడిన పాత ఆసుపత్రి భవనాన్ని మరమ్మతు చేయించి ‘అమ్రికానీ’ సాంస్కృతిక కేంద్రంగా మార్చడమూ ఈ సంస్థ పనే. కూల్చడం అలవాటైన ఊళ్ళో ఒక పాత కట్టడాన్ని నిలబెట్టడం కూడా ఒక ప్రసంగం లాంటిదే.

ఈ ప్రసంగాలను అచ్చులో అందించిన పత్రిక పేరు ‘హదీస్ అద్-దార్’. ‘హదీస్’ అంటే మాట, ముచ్చట. ‘దార్’ అంటే ఇల్లు. ఇల్లు కోల్పోయిన సంస్థ తన మాటకు ‘ఇంటి ముచ్చట’ అని పేరు పెట్టుకుంది. కువైట్ జీవితంలో దివానియా అనే సాయంకాలపు కూటమికి ఉన్న స్థానం తెలిసినవారికి ఈ ఎంపిక వింతగా తోచదు. మన రచ్చబండ వంటిది అది. వ్యాపారమూ రాజకీయమూ వియ్యాలూ అక్కడే తేలతాయి. ప్రసంగసభ ఆ అలవాటుకు కొనసాగింపు. తేడా ఏమిటంటే దివానియా ప్రధానంగా ఇంటి మగవారిది, వారి పరిచయస్థులది. ప్రసంగసభ తలుపు స్త్రీలకూ పరదేశులకూ తెరిచి ఉంది.

తెలుగునాట మరో దారి

పెద్దలకు చరిత్ర చెప్పే పనికి తెలుగువారి అనుభవం ఇంకా పాతది. అది నడిచిన తీరు వేరు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. ఇంగ్లీషు చదువు లేని తెలుగు పాఠకుడికి చరిత్రనూ శాస్త్రాలనూ అతని భాషలో ఇవ్వడం దాని ఉద్దేశం. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ ఆ మండలి ద్వారానే వెలువడింది. 1922లో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంగా ఉత్సవం జరిపి ప్రత్యేక సంచిక వేశారు. అక్కడే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి రూపుదిద్దుకుంది. దానికి ప్రాణంగా నిలిచిన భావరాజు వేంకట కృష్ణారావు వృత్తిరీత్యా న్యాయవాది. నిజాం రాజ్యంలో, 1923లో లక్ష్మణరావు మరణించాక ఆయన పేరును నిలుపుకొన్న లక్ష్మణరాయ పరిశోధక మండలి, ఆదిరాజు వీరభద్రరావు వంటివారి శ్రమతో ఊరూరా తిరిగి శాసనాలు సేకరించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది. విశ్వవిద్యాలయపు పట్టా లేని మల్లంపల్లి సోమశేఖరశర్మ రాసిన రెడ్డి రాజ్యాల చరిత్రను 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది.

ఈ పరంపరలో శ్రోతకూ పరిశోధకుడికీ మధ్య గోడ పలచన. సభలో విన్న న్యాయవాది సెలవు రోజున పొలంగట్టున పడివున్న రాయిమీది అక్షరాలకు అచ్చు తీసుకొచ్చాడు. తెలంగాణలో ఈనాడు శ్రీరామోజు హరగోపాల్ నడుపుతున్న కొత్త తెలంగాణ చరిత్ర బృందం ఆ అలవాటునే కొనసాగిస్తోంది. అధ్యాపకులు, చిరుద్యోగులు, గ్రామీణ యువకులు సెలవు రోజుల్లో వెళ్ళి శాసనాలనూ వీరగల్లులనూ గుర్తించి నమోదు చేస్తున్నారు.

రెండు పద్ధతులకూ వాటి బలమూ బలహీనతా ఉన్నాయి. కువైట్ వేదికమీద మాట్లాడేది ఆ రంగంలో జీవితం గడిపిన నిపుణుడు. చెప్పేదానికి ఆధారం ఉంటుంది. కాని చప్పట్లయ్యాక శ్రోత శ్రోతగానే ఇంటికి వెళతాడు. తవ్వేది ఒకరు, చెప్పేది వారే, వినేది మరొకరు. తెలుగునాట సామాన్యుడే సేకర్త, పాఠకుడు, రచయిత. అందువల్ల అధికార శాఖలు చేరని ఊళ్ళ రాళ్ళు సైతం వెలుగు చూశాయి. అయితే ఉత్సాహం ఆధారాన్ని దాటిపోయే ప్రమాదం అక్కడ ఎక్కువ. కులగౌరవంకోసం వంశావళిని సాగదీయడం, తమ ఊరికి లేని ప్రాచీనతను అంటగట్టడం, అరిగిన అక్షరాన్ని కావలసినట్టు చదవడం అందరూ చూసినవే. మొదటిదానికి మందు శ్రోతను పనిలోకి దించడం. రెండోదానికి మందు పద్ధతి నేర్పే శిక్షణ. ఒకచోట లోపం మరొకచోట సమృద్ధిగా ఉంది.

సోమవారం సాయంత్రం ఎవరిది?

ఈ రెండు కథలూ కలిసే చోటు ఒకటుంది. కువైట్‌లో పనిచేసే తెలుగువారిలో చాలామంది రాజంపేట, రాయచోటి, కడప ప్రాంతాలవారు. ఉభయగోదావరి జిల్లాలవారూ ఎక్కువే. తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పే ఎరికల్ ముత్తురాజు శాసనం, ఆరో శతాబ్దానిది, కడప జిల్లా కలమళ్ళలో ఉంది. రాజంపేట పక్కనే నందలూరు సౌమ్యనాథాలయం, తాళ్ళపాక ఉన్నాయి. ఆ నేలనుంచి వచ్చినవారు ఫైలకాకు ఎదురుగా ఉన్న తీరంలో బతుకుతున్నారు.

వారికీ కువైట్ గతానికీ సంబంధం లేకపోలేదు. 1961లో దినారు వచ్చేవరకు కువైట్ బజారులో చెల్లింది రూపాయే. గల్ఫ్ ముత్యాలు ‘బస్రా ముత్యాలు’ అనే పేరుతో బొంబాయి మీదుగా హైదరాబాదు చేరాయి. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం నుంచి పారశీక రేవులకు నౌకలు నడిచాయి. బ్రెజిల్ గనులు దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలిచ్చింది ముఖ్యంగా కృష్ణాతీరపు కొల్లూరు వంటి గోల్కొండ రాజ్యపు గనులు. అల్-సబా సేకరణలోని మొగలాయి, దక్కన్ ఆభరణాలను 2001లో బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు లోకం అబ్బురపడింది. ఆ రాళ్ళను నేలనుంచి తీసిన కూలీల వారసులు ఇవాళ ఆ సేకరణ ఉన్న ఊళ్ళోనే ఇళ్ళలో వంట చేస్తూ, కార్లు నడుపుతూ ఉండవచ్చు. ఆ సంగతి వారికి చెప్పినవారు లేరు.

‘ప్రజలందరికీ ప్రవేశం’ అన్న మాట ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. ఎక్కువగా ఇంగ్లీషులో, వారం మధ్య పనిదినపు సాయంత్రం జరిగే ప్రసంగానికి జాబ్రియా ఆసుపత్రి వైద్యుడు వెళ్ళగలడు. చమురు సంస్థ ఇంజనీరు వెళ్ళగలడు. ఇంటిపని చేసే స్త్రీకి అది అందదు. 2015 నాటి 68వ నెంబరు చట్టం గృహకార్మికులకు వారానికి ఒకరోజు సెలవును హక్కుగా గుర్తించింది. ఆ సెలవు సక్రమంగా దక్కినప్పుడు కూడా, అది శుక్రవారమైతే, ఆనాటి గంటలు ఇంటికి డబ్బు పంపడానికీ, బంధువులను కలవడానికీ, నిద్రకూ సరిపోతాయి. ఆమెకు తలుపు మూయలేదు, నిజమే. కాని తలుపు తెరిచి ఉండటమూ పిలుపు అందడమూ ఒకటి కావు.

కొమర్రాజు లక్ష్మణరావు 1906లో ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. జ్ఞానం ఉంది, వినగల మనిషి ఉన్నాడు, మధ్యలో భాష అడ్డుగా ఉంది. ఆయన తరం దానికి తెలుగులో పుస్తకాలు వేసి, సభలు పెట్టి జవాబు చెప్పింది. విదేశాల్లోని తెలుగు సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ వేదికలు కట్టడంలో ఆరితేరాయి. అలాంటి ఒక వేదికమీద, శుక్రవారం పూట, ఫైలకా ముద్రల గురించి అరగంట, కలమళ్ళ శాసనం గురించి అరగంట తెలుగులో చెప్పించడానికి కొత్త భవనం అక్కరలేదు. సోమవారం ప్రసంగం విన్న వైద్యుడో ఇంజనీరో దాన్ని తన భాషలోకి మోసుకొస్తే చాలు. అప్పుడు కువైట్ పద్ధతికి ఉన్న లోటు, శ్రోత శ్రోతగానే మిగిలిపోవడం, కొంతైనా తీరుతుంది. నిపుణుడి మాటకు కట్టుబడి చెప్పడంవల్ల తెలుగు పద్ధతికి ఉన్న లోటూ కొంత తీరుతుంది.

జాబ్రియా నేలమాళిగను 1990లో కాపాడినవి ఇటుకలు, చెత్త. వాటి వెనుక ఏముందో, అది ఎందుకు దక్కాలో ఆ ఇంటివారికి తెలుసు కాబట్టే అవి అక్కడికి చేరాయి. సముద్రతీరపు పెద్ద భవనానికి గోడలున్నా దోపిడీ ఆగలేదు. ఇల్లు కాలిన సంస్థ మాటనే ఇల్లు చేసుకొని నిలబడింది. ఒక వస్తువు విలువ తెలిసినవారు ఎందరుంటే దానికి కాపలా అంత గట్టిది. ఆ లెక్కలో ఇంటిపని చేసే రాయచోటి స్త్రీ కూడా ఒకరు కావాలి.